బాలింత అర్రలో దగ్గు

మొన్న మా అక్క దినాలనాడు బంతిలో కూర్చున్న ఒక పెద్దమనిషి, బువ్వ నమలుకుంటనే పక్కనున్నోనితో అన్నడు: "మనిషి మంచిదే గని, కడుపుల పుట్టిన బిడ్డ కోసం తోడబుట్టినోన్ని మిలిట్రీకి పట్టిచ్చింది." నేను వాని వెనక నీళ్ల చెంబు పట్టుకొని నిలబడి ఉన్న. ఆ తోడబుట్టినోన్ని నేనే అని వానికి తెల్వదు.

చెంబు కింద పెట్టి, "అయ్యా, ఆ తమ్మున్ని నేనే. నన్నెవరు పట్టియ్యలే" అన్న. వాడు నన్ను కిందికీ మీదికీ చూసి నవ్విండు. "పోయిన మనిషి గదా, ఎనకేసుకొస్తవు తియ్" అన్నడు. మళ్ల బువ్వల పప్పు కలుపుకున్నడు.

యాభై ఏండ్లు దాటింది. ఇంకా అదే మాట. అప్పటికి పుట్టనోడు సుత అదే మాట. నా ఒళ్లు మండి ఈ కాయితాలు ముందటేసుకున్న. నేను బడికి పోయినోన్ని కాదు, అక్షరాలు జైలులో నేర్చిన. రాత వంకర ఉంటది కావచ్చు, జరిగింది వంకర లేదు.

రజాకార్ల గోల అణిగి, మిలిట్రీ వచ్చిన రెండో చలికాలం అది. మా ఊరు పాలకుర్తి దిక్కు. ఊరి దొర గడిలో క్యాంపు పెట్టిండ్రు. మా సంఘం దళాలన్నీ అప్పటికే అడవులు పట్టి గోదావరి ఒడ్డుకు, భూపాలపల్లి దిక్కుకు జరిగినయ్. నాకు ఇరవై ఏండ్లుంటయి. తుపాకి పట్టినోన్ని కాదు. చీటీలు మోసేటోన్ని. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, ఒక తండా నుంచి ఇంకో తండాకు, రుమాలు మడతలో చీటీ పెట్టుకొని నడిచేటోన్ని. చదువురాదు గనుక, దొరికినా అండ్ల ఏమున్నదో చెప్పలేనని నన్ను పెట్టుకున్నరు.

నర్సింహులపేట అవతల ఒక చోట తండాలన్నిటినీ ఖాళీ చేయించి, జనాన్ని ఒక్క దగ్గరికి తోలి, చుట్టూ కంప కొట్టిండ్రు. ఇరవై ఇండ్ల జనం పది గుడిసెలలో. అక్కడ ఒక ముసలాయన నన్ను తన మనుమడని చెప్పి రెండు దినాలు దాచుకున్నడు. గుడిసెలో నేను గాక తొమ్మిదిమంది. ఆ తొమ్మిదిమందీ దగ్గుతున్నరు. కాళ్లు చాపితే ఇంకొకల తలకు తాకేది. వాళ్ల భాష నాకు సగం అర్థమయ్యేది, దగ్గు మాత్రం పూరాగ అర్థమైంది. అక్కడి నుంచి బయటపడి నడుస్తుంటే రెండోనాటికి నాకు ముక్కు మూసుకపోయింది, ఒళ్లు కాలింది, కీళ్లన్నీ విరిచి పక్కన పెట్టినట్టు అయినయ్. ఆ జరంతోటి ముందుకు పోలేక, పోకూడని చోటుకే పోయిన. ఇంటికి పోయిన.

తర్వాత నన్ను కన్న అవ్వ "తండా గలీజు అంటుకొచ్చినవురా" అన్నది. గలీజు తండాది కాదు. కొండ గాలికి విడివిడిగా బతికేటోళ్లను తెచ్చి మంద లెక్క ఒక్క దగ్గర కుక్కినోళ్లది.

ఇంట్లో అప్పుడు నలుగురు. అవ్వ, బాపు, నాయినమ్మ, కాన్పుకొచ్చిన మా అక్క. అక్క నాకంటే మూడేండ్లు పెద్ద. అంతకుముందు రెండు కాన్పులు నిలువలే. ఒకటి పుట్టుడే నీలంగ పుట్టింది, ఇంకోటి నెల తిరగకముందే పోయింది. ఈసారీ పోతే కొడుకుకు మల్లో పెండ్లి చేస్తమని అత్తగారోళ్లు మొహం మీదనే అని పంపిండ్రు. మూడో కాన్పు ఆడపిల్ల. నేను వచ్చిననాటికి పిల్లకు ఎనిమిది దినాలు.

బాలింత ఉన్న అర్ర సంగతి ఈ కాలపోళ్లకు చెప్పాలె. దానికి ఒక్కటే దర్వాజ. మీద పిడికెడంత గవాచి ఉంటే, సల్లగాలి రావద్దని దాంట్లో గుడ్డలు కుక్కేటోళ్లు. లోపల కుంపటి ఆరకుండ ఉండేది. వాము, ఎల్లిపాయ పొట్టు వేసి పొద్దుకు రెండుసార్లు పొగ పెట్టేటోళ్లు. మగోడు గడప తొక్కొద్దు, కన్న తండ్రి అయినా సరే. బాపు గడప అవతల నిలబడి "ఎట్లున్నరు బిడ్డా" అని అడిగి పోయేటోడు. జొన్నచేనుకు కావలి కాబట్టి ఆయన పండేది సుత మంచె మీదనే.

క్యాంపోళ్లు అంతకుముందు రెండుసార్లు ఇల్లు సోదా చేసిండ్రట. కుండలు బోర్లించిండ్రు, గడ్డివాము గుచ్చిండ్రు, పొయ్యిలో బూడిద సుత కట్టెతోని కెలికిండ్రు. గని రెండుసార్లూ బాలింత అర్ర దగ్గరికొచ్చి, అవ్వ "బాలింత" అనంగనే, జమేదారు గడప దగ్గరనే ఆగి ఎనుకకు మళ్లిండట. వాడు ఏ దేశపోడో మాకు తెల్వదు, గని వాని ఊర్లో సుత బాలింతకు మైల ఉన్నట్టున్నది. మా అవ్వ అది కనిపెట్టుకున్నది.

అందుకని నేను పొద్దుగూకేయాల పెరట్ల నుంచి లోపలికి రాంగనే అవ్వ నా చెయ్యి పట్టి గుంజుకపోయి ఎక్కడ పెట్టింది? ఊరంత వెతికినా వెతకని ఆ ఒక్క అర్రలో. గోడకూ వడ్ల గుమ్మికీ నడుమ మనిషి ఒత్తిగిలి పండేంత సందున్నది. దాని ముందట అక్క మంచం. మంచం మీద పిల్ల.

"అవ్వా, మగోడు రావద్దంటవు గదా" అన్నది అక్క.

"వీడు మగోడా? వీడు నా కొడుకు" అన్నది అవ్వ.

అక్క నవ్వింది. నాకు సుత నవ్వొచ్చింది, నవ్వబోతే దగ్గొచ్చింది. ఆ అర్రలో నా మొదటి దగ్గు అదే.

దగ్గంటే దొరుకుడు. మా గోడకు ఆనుకొని బాట, బాట మీద క్యాంపోళ్ల బూట్లు. దగ్గు వస్తదనంగనే గొంగడి నోట్లో కుక్కుకునేటోన్ని. లోపల్లోపల దగ్గితే డొక్కలు చిట్లినట్టయ్యేది. అవ్వ నా దగ్గు తగ్గాలని పొగ ఇంకింత వేసేది. పొగకు దగ్గు ఎక్కువయ్యేది. గవాచిలో గుడ్డలు ఇంకా గట్టిగ కుక్కింది, నా చప్పుడు బాటకు వినపడొద్దని. ఆ అర్రలో నా ఊపిరి తప్ప ఇంకో గాలి లేకుండ చేసుకున్నం. మాకు తెల్వదు. వైరస్ అనే మాట నేను పేపర్లో చదివేసరికి నా నెత్తి నెరిసింది.

అవ్వ నేను తాగి వదిలిన అంబలి అదే గిన్నెలో తాగేది, కొడుకు ఎంగిలి పారేస్తదా. నాయినమ్మ తన చుట్ట అడ్డం తిప్పి పొగ తాగి, "కఫం కోస్తదిరా, ఒక్క దమ్ము గుంజు" అని నా నోట్లో పెట్టేది. నేను గుంజి ఇస్తే మళ్ల తన నోట్లో పెట్టుకునేది. ఇద్దరూ ఆ అర్రలోనే, అక్క మంచం పక్కన ఒకే గొంగడి కింద పండేటోళ్లు.

మూడోనాడు అవ్వకు ముక్కు కారింది. నాలుగోనాడు నాయినమ్మ లేవలే.

ఆ నాలుగోనాడు పగటిపూట, అవ్వ నీళ్లకు పోయిన సందుల, అక్క మంచం మీద నుంచి మెల్లగ పిలిచింది.

"తమ్మీ, నిద్రపోయినవా?"

"లేదక్కా."

"నేను పొద్దంత పండి చూసుడే గదా నా పని. జర విను. నువ్వొచ్చినవ్, నీకున్నది. నీ గిన్నెల తాగింది, అవ్వకొచ్చింది. నీ చుట్ట తాగింది, నాయినమ్మకొచ్చింది. బాపుకు రాలే. సలికి మంచె మీద పండేటోనికి రాలే, కుంపటి కాడ పండేటోళ్లకొచ్చింది. గిది సలిగాలి అయితే ముందుగాల బాపుకు రావాలె గద?"

నేను గొంగడి మూతి మీదికి గుంజుకున్న.

"గిది మనిషి నుంచి మనిషికి నడుస్తున్నది తమ్మీ. ఇంకా పిల్లకు రాలే. ఇయ్యాలనే పో."

ఇంతలో అవ్వ వచ్చింది. బిందె దించకుండనే మొత్తం విన్నది. "ఏందే, ఏమంటున్నవే? ఎక్కడికి పోతడు? బాట మీదికి పోతే కాల్చి పారేస్తరు. పచ్చి బాలింతవు, తలకెక్కిందా నీకు?"

"తలకెక్కలేదవ్వా. చూసి చెప్తున్న."

"నువ్వేమన్న డాక్టరువా చూసి చెప్పనీకె? సలికాలం, దగ్గు రాదా? నీకు దిష్టి తగిలింది, గందుకే గిట్ల మాట్లాడుతున్నవ్." అని బిందె దించి, గొంతు తగ్గించి, ఆ మాట అన్నది. నేను గుమ్మి ఎనుక ఉండి విన్న. ఇనకపోతే మంచిగుండు. "నీకు బిడ్డలు ఇంకా పుడుతరే. నాకు కొడుకు వీడొక్కడే."

అక్క పిల్లను తీసుకొని గోడ దిక్కు తిరిగి పన్నది.

మరి నేనేం చేసిన? నిద్రపోయినట్టు పన్న. ఇది రాయకపోతే ఈ కాయితాలకు అర్థం లేదు. అక్క చెప్పింది నిజమని నాకు ఆ గడియనే తెలుసు. తండా గుడిసెలో తొమ్మిదిమందిని చూసొచ్చినోన్ని, నాకు తెల్వదా? తెలిసీ పోలే. బూట్ల చప్పుడుకు భయపడి, పన్నెండు దినాల పసిగుడ్డు పక్కన పండి నా పానం కాపాడుకున్న. దళంలో మమ్మల్ని ధైర్యవంతులనేటోళ్లు.

ఐదోనాడు పొద్దుగాలనే సోదాకు వచ్చిండ్రు.

ముందు కుక్కలు మొరిగినయ్. తర్వాత పెరడు తడక విరిగిన చప్పుడు. పోలీసు పటేలు గొంతు: "ముసలమ్మా, నీ కొడుకు ఊర్లె దిగిండని మాకు ఖబరున్నది, చెప్తవా, చెప్పవా?" అవ్వ ఏడ్చుకుంట దగ్గుతున్నది. కుండలు పగిలినయ్. బూట్లు బాలింత అర్ర గడప దాకా వచ్చి ఆగినయ్.

"అందర్ కౌన్ హై?" లోపల ఎవరని జమేదారు అడిగిండు.

"బాలింత అయ్యా, బాలింత. పదమూడు దినాలాయె."

వాడు ఎనుకకు పోలే. ఈసారి పోలే. గడప మీదనే నిలబడ్డడు. గుమ్మి అంచు మీదుగ వాని నీడ నా కాళ్ల మీద పడింది. అప్పుడు నా గొంతులో ఒక ఈక తిరిగినట్టయింది. గొంగడి కుక్కుకున్న. ఊపిరి బిగబట్టిన. కండ్లల్ల నీళ్లు కారుతున్నయ్, చెవులల్ల గుయ్యిమంటున్నది. ఇగ ఆగదు. ఇగ అయిపాయె అనుకున్న. ఎంత ఆపినా ఒక్క దగ్గు పడ్డది. చిన్నదే, గని పడ్డది.

ఆ ఎంబడే మా అక్క దగ్గింది.

అప్పటిదాక దానికి దగ్గు లేదు. దొంగ దగ్గు అది. పిల్లను అవతలికి తిప్పి పట్టుకొని, మంచం కోళ్లు కదిలేటట్టు దగ్గింది. ఆగకుండ దగ్గింది. ఆ చాటున నేను సుత దగ్గిన. మూలకున్న నాయినమ్మ నిజంగనే దగ్గుతున్నది, బయట అవ్వ దగ్గుతున్నది. ఎవల దగ్గు ఎవలదో తెల్వకుండ ఇల్లంత ఒక్కటే దగ్గు. పిల్ల బెదిరి ఏడుపు మొదలుపెట్టింది. జమేదారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకొని, ఏదో తిట్టి, గడప దిగిండు.

పట్టిచ్చేదే అయితే మా అక్క ఏం చెయ్యనవసరం లేకుండె. ఊకుంటే చాలు. ఇది నేను ఎంతమందికి చెప్పిన్నో. ఒక్కడు విన్నోడు లేడు.

ఆరోనాడు తెల్లారేసరికి పిల్లకు వచ్చింది.

ముందు ముక్కు బుసబుసమన్నది. పాలు పట్టిస్తే రెండు గుక్కలు తాగి, ఊపిరాడక వదిలిపెట్టింది. మళ్ల పట్టిస్తే మళ్ల వదిలింది. పూరాగ తెల్లారేసరికి డొక్కలు ఎగరేస్తున్నది. పసిపిల్ల డొక్కలు ఎగరేసుడు చూసినోళ్లకు చెప్పనవసరం లేదు. చూడనోళ్లు చూడొద్దు. పక్కటెముకల కింద చిన్న గుంట పడుతది, లేస్తది, పడుతది. మనం దాన్నే చూసుకుంట, ఇగ లేవదేమో ఇగ లేవదేమో అనుకుంట, మన ఊపిరి మనం మరిచిపోతం. ఏడుస్తున్నప్పుడు నయ్యం ఉండె. ఏడుపు ఆపింది. అప్పుడు పుట్టిన భయం నాకు బూట్ల చప్పుడుకు సుత పుట్టలే.

అవ్వ పిల్ల చుట్టూ మిరపకాయలు తిప్పి కుంపట్లో వేసింది. అర్ర నిండ ఘాటు. అక్క ఒక్కసారి మంచం దిగింది. పద్నాలుగు దినాల బాలింత. గుమ్మి ఎక్కి గవాచిలో గుడ్డలన్నీ పీకి పారేసింది. కుంపటి ఎత్తి వాకిట్లకు విసిరింది. అవ్వ "నీకు పిచ్చి లేసిందే" అని చెయ్యి పట్టుకుంటే ఇదిలిచ్చుకున్నది. నా ముందటికొచ్చి నిలబడ్డది.

"నిన్న నేను నీ కోసం దగ్గిన. ఇయ్యాల నా బిడ్డ కోసం నువ్వు పో."

"అక్కా..."

"నువ్వుంటే ఇది పోతది. నువ్వు పోతే నువ్వు పోవచ్చు, పోకపోవచ్చు. ఇరవై ఏండ్లోనివి, ఉరుకనీకె కాళ్లున్నయ్. దీనికేమున్నది?"

అవ్వ దర్వాజకు అడ్డం కూర్చున్నది. "నన్ను తొక్కి పోవాలె" అన్నది. అక్క అవ్వను చూసి, "నువ్వు సుత పో అవ్వా. నాయినమ్మను తీసుకొని నువ్వు సుత ఈ అర్రల నుంచి పో" అన్నది. అవ్వ కొట్టింది. బాలింతను, చెంప మీద కొట్టింది. అక్క చెంప పట్టుకోలే. పిల్ల డొక్క మీద చెయ్యి పెట్టి, లేస్తున్నదా లేదా అని చూసుకున్నది.

నేను అవ్వను దాటి పోయిన.

బయట మంచు ఇంకా విడువలే. రెండు చేండ్ల అవతల మనిషి కనపడడు. అది చూసుకొనే పోయిన. మా జొన్నచేను సగం కోసి చొప్ప గూళ్లు పెట్టి ఉన్నయ్. ఒక గూడులో దూరి, పొద్దుగూకినంక గోదావరి దిక్కుకు మర్లుదమనుకున్న. పొద్దు నెత్తి మీదికి రాకముందే చేను గట్టు మీద క్యాంపోళ్లు నడుస్తున్నరు. నా కోసం కాదు, పక్క ఊరికి పోతున్నరంతే. చొప్ప దుమ్ము గొంతులకు పోయింది. గొంగడి లేదు. అక్క లేదు. దగ్గిన. గట్టు మీద బూట్లు ఆగినయ్.

నన్ను పట్టిచ్చింది అది.

జనగామలో ఒక కొట్టంలో పెట్టిండ్రు. పదిమంది పట్టే చోటులో ముప్పైమందిమి. దెబ్బల సంగతి అందరూ రాసిండ్రు, నేను రాయ. నేను మూతికి రుమాలు కట్టుకొని, గోడకు మొహం పెట్టి కూర్చునేటోన్ని. పక్కనోడు నవ్విండు. "ఏందన్నా, కొత్త పెండ్లిపిల్ల లెక్క మొహం దాచుకుంటున్నవ్?" ఎట్ల చెప్పాలె? "నా ఊపిరి మంచిది కాదన్నా, జర దూరం కూర్చో" అన్న. "ఈడ దూరం ఎక్కడున్నదిరా" అని వాడు నా భుజం మీదనే తల పెట్టి నిద్రపోయిండు. నాలుగు దినాలకు వాడు దగ్గిండు. తర్వాత వాని పక్కనోడు. నాకు మాత్రం ఆ కొట్టంలో ఎవడు దగ్గినా పిల్ల డొక్కనే కనపడేది. ఉన్నదా, పోయిందా? అడుగనీకె మా ఊరోడు ఒక్కడు లేడు. బయట ఎవరో ఆడమనిషి ఏడ్చినా, అది మా అక్కనే అనుకొని లేచి కూర్చునేటోన్ని.

జైలుకు మార్చినంక అవ్వ ములాఖత్‌కు వచ్చింది. నెల కావస్తున్నది. ఇనుప జాలి అవతల నిలబడి నన్ను చూసుడే ఏడుపు మొదలుపెట్టింది. మొహం చూసి పిల్ల పోయిందనే అనుకున్న.

"పిల్ల?"

అవ్వ ముక్కు చీదుకున్నది. "నీ చెయ్యికేమైంది? వాపున్నదేందిరా?"

"అవ్వా, పిల్ల?"

"ఉన్నది" అన్నది. "ఉండక ఏమైతది, నిన్ను మింగింది గదా."

జాలి పట్టుకొని నిలబడ్డ. అవ్వ చెప్పుకుంట పోయింది. నేను పోయినంక అక్క దర్వాజకు లోపల గొళ్లెం పెట్టుకున్నదట. అవ్వను రానియ్యలే, నాయినమ్మను రానియ్యలే. బువ్వ గిన్నె గడప కాడ పెడితే తీసుకునేదట. తెల్లారి తనకూ ముక్కు కారితే, కొంగు నోటికీ ముక్కుకూ బిగించి కట్టుకున్నదట. పిల్ల చీకలేకపోతే పాలు పిండి, దూదివత్తి ముంచి, ఒక్కొక్క బొట్టు పెదువుల మీద వేసిందట. మూడు దినాలు అట్లనే. గవాచి తెరిచే ఉన్నది, సలికి పిల్లను రొమ్ముకు కట్టుకొని కూర్చున్నదట, పండలేదట. నాలుగోనాడు పిల్ల ఏడ్చిందట.

"గట్టిగ ఏడ్చిందా?" అని అడిగిన.

"వాడకట్టంత ఇనపడ్డది. నాయినమ్మ సుత లేచి కూర్చున్నది." అవ్వ మొహంలో నవ్వు వచ్చి, మళ్ల పోయింది. "ఊరంత థూ అంటున్నదిరా దాన్ని. తమ్మున్ని వాకిట్లకు తోలి పట్టిచ్చిందని. నేను సుత మాట్లాడుతలేను. మొన్న దాని అత్తగారోళ్లొచ్చి తోలుకపోయిండ్రు. పోయేటప్పుడు కాళ్లు మొక్కింది. నేను కాళ్లు గుంజుకున్న."

"అవ్వా, నన్ను అక్క పట్టియ్యలే. చొప్ప గూడులో దగ్గిన, దొరికిన. గంతే."

"అది పొమ్మనకపోతే నువ్వు చొప్ప గూడుకెందుకు పోతవురా? అబద్ధాలు చెప్పకు, నేను ఆడనే ఉన్న."

"అవును, పొమ్మన్నది. నేను పోవుడే ఆలస్యమైంది. ముందు చెప్పిననాడే పోతే పిల్లకు రాకపోవు. అక్క తప్పు కాదవ్వా, నాది తప్పు. నీది తప్పు."

అనొద్దు కావచ్చు. ఐదు కోసులు నడిచి, మూడు దినాలు గేటు కాడ కూర్చొని, కొడుకును చూడనీకె వచ్చిన తల్లిని ఆ మాట అనొద్దు. అవ్వ కొంగుతో మొహం తుడుచుకున్నది. నా దిక్కు చూడలే.

"పోయి అక్కతోని మాట్లాడు" అన్న.

"మాట్లాడ."

"పిల్ల బతికిందవ్వా."

జవాను టైమైందన్నడు. అవ్వ తెచ్చిన జొన్నరొట్టెల మూట వాని చేతిలో పెట్టి, ఎనుకకు తిరిగి నడిచింది. "పిల్ల బతికింది, గదే మాట అక్కతోని అను" అని జాలిలో నుంచి ఒర్లిన. నడుస్తనే ఉన్నది. చలికాలం పోయింది గని, అవ్వకు ఇంకా దగ్గు పోలే. గేటు దాటేదాక దగ్గుకుంటనే పోయింది.